ఇగువానా బోనులో మందారం

ద్రాక్షారామంలో, భీమేశ్వరాలయం నుంచి నడిచి వెళ్లేంత దూరంలో ఒక పెంకుటిల్లు. ఆ ఇంటి వసారాలో ఆరడుగుల ఎత్తు ఇనుప జల్లెడ బోను, అందులో తోకతో కలిపి రెండు మూరలుండే పచ్చ ఇగువానా అనే బల్లి. హైదరాబాద్‌లో ఇంజినీరింగ్ చదువుతున్న కుర్రాడు సరదాపడి కొన్నాడు. హాస్టల్లో ఉంచనివ్వకపోతే ఇంటికి తెచ్చాడు. బోనులో రెండు జామకొమ్మలు, ఒక నీళ్ల పళ్లెం, ప్లాస్టిక్ ఆకుల తీగ ఉన్నాయి. ఆ తీగ తీసేసి ప్రాణమున్న మొక్కలు పెట్టాలా, వద్దా అన్న దగ్గర మాటా మాటా పెరిగింది.

వాదించేవాళ్లు ఇద్దరు. ఒకరు కుర్రాడి అక్క, గన్నవరం పశువైద్య కళాశాలలో చదివిన డాక్టరమ్మాయి. రెండోవారు వాళ్ల మేనమామ. ఆయనకు గంట దూరంలో, కడియపులంక వైపు నర్సరీ ఉంది. నర్సరీ ఆయన మొక్కలు పెట్టమంటారని, డాక్టరమ్మాయి వద్దంటుందని ఎవరైనా అనుకుంటారు. ఇక్కడ పెట్టమన్నది అమ్మాయి, వద్దన్నది మావయ్య.

దానికి ముందే ఆమె తమ్ముణ్ని కాగితాలు అడిగింది. పచ్చ ఇగువానా, వన్యజీవుల అంతర్జాతీయ వ్యాపారాన్ని అదుపుచేసే సైటిస్ ఒప్పందం రెండో అనుబంధంలో ఉన్న జీవి. 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టానికి 2022లో చేసిన సవరణ 2023 ఏప్రిల్ 1 నుంచి అమల్లో ఉంది. ఆ వెనక 2024లో వచ్చిన నిబంధనల ప్రకారం ఇలాంటి విదేశీ జీవిని ఇంట్లో ఉంచుకున్నవాళ్లు కేంద్ర ప్రభుత్వ పరివేష్ పోర్టల్‌లో నమోదు చేయించాలి. మన ఉడుము, మన ఊసరవెల్లి సంగతైతే చర్చకే తావులేదు. వాటిని పట్టుకొచ్చి పెంచడమే నేరం. తమ్ముడు నమోదు కాగితం ఫోన్‌లో తీసి చూపించాకే ఆమె బోను దగ్గరికి వచ్చింది.

“దీని ముట్టె చూశారా మావయ్యా?” అంది. ముక్కు కొస మీద రెండు మూడు పొలుసులు అరిగిపోయి, కింద చర్మం లేత గులాబీ రంగులో కనిపిస్తోంది. “మనిషి వచ్చినప్పుడల్లా బెదిరి జల్లెడకేసి రాసుకుంటోంది. మధ్య అమెరికాలో, దక్షిణ అమెరికాలో ఇవి ఏటి మీదకి వంగిన కొమ్మల్లో బతుకుతాయి. భయమేస్తే ఆకుల్లోకి దూరతాయి, లేదంటే నీళ్లలోకి దూకేస్తాయి. ఇక్కడ దూరడానికి ఆకు లేదు, దూకడానికి నీళ్లు లేవు. ఇంకెక్కడికి పోతుంది?”

“ప్లాస్టిక్ తీగ ఉందిగా. దాని వెనక దాక్కోమను.”

“ప్లాస్టిక్ ఆకు ఎండకి కాగుతుంది. ప్రాణమున్న ఆకు తనలో నీళ్లు ఆవిరి చేసుకుని చల్లబడుతుంది. మే నెలలో మన వసారా ఎలా ఉంటుందో మీకు తెలియంది కాదు. దీనికి ఒంట్లో వేడి పెంచుకునే ఏర్పాటు లేదు, తగ్గించుకునే ఏర్పాటూ అంతంతమాత్రం. చోటు మారడం ఒక్కటే దాని చేతిలో ఉంది. వెచ్చబడటానికి 35 డిగ్రీల చోటు ఒకటి, దానికి దూరంగా చల్లటి నీడ ఒకటి, మధ్యలో సగం ఎండ, సగం నీడ. ఇవన్నీ ఒకే బోనులో కావాలంటే మొక్క కంటే సులువైన దారేదో మీరే చెప్పండి.”

ఇగువానా కంటే ఊసరవెల్లి జాతుల్లో ఈ సంగతి ఇంకా తేటగా కనిపిస్తుంది. చాలా ఊసరవెల్లులు గిన్నెలో కదలకుండా ఉన్న నీళ్లను గుర్తించవు. ఆకు మీద మెరిసే బొట్టునే నాకుతాయి. నిండు గిన్నె పక్కనే ఉండగా దాహంతో ఎండిపోయిన పెంపుడు ఊసరవెల్లుల కథలు పెంచేవాళ్లందరికీ తెలుసు. ఇలాంటి జీవులకు మొక్క అలంకారం కాదు. నీళ్లు తాగే పాత్రే అది. 1942లో స్విస్ జంతుశాస్త్రవేత్త హైనీ హెడిగర్ బందీ జంతువుల మీద రాసిన పుస్తకం దగ్గర్నుంచి జూ నిర్వాహకులు ఒక సంగతి ఒప్పుకుంటూ వచ్చారు. బోను ఎన్ని అడుగులన్నది ఎంత ముఖ్యమో, లోపల ఏముందన్నదీ అంతే ముఖ్యం.

మావయ్య ఉడుంపట్టు మనిషి. కారులోంచి ఒక హైబ్రిడ్ మందారం మొక్క తెచ్చి వసారా గచ్చు మీద పెట్టారు. పాలిథిన్ సంచి నిలువునా చింపి, వేళ్ల చుట్టూ ఉన్న మట్టి ముద్దను రెండు చేతులతో విడదీశారు. ఎర్రమట్టి, కొబ్బరి పొట్టు, పేలాల్లా తెల్లగా తేలికగా ఉండే పెర్లైట్ పలుకులు, వాటి మధ్య ఆవగింజ కంటే కాస్త పెద్దవైన పసుపుపచ్చ పూసలు.

“ఈ పూసలేంటో చెప్పమ్మా?”

“నెమ్మదిగా కరిగే ఎరువు.”

“కదా! ఈ జంతువు కొత్తది ఏది కనపడినా ముందు నాలుక పెట్టి చూస్తుందని నువ్వే చెప్పావు. పూస కనపడితే ఊరుకుంటుందా? సరే, పైన గులకరాళ్లు పరిచి కప్పేస్తావనుకో. ఆకు సంగతేం చేస్తావు? మందారానికి పిండినల్లి పడితే ఒక్కరోజులో మొక్కంతా తెల్లబడిపోద్ది. మేం ఇమిడాక్లోప్రిడ్ కొడతాం, ఒక్కోసారి మొదట్లోనూ పోస్తాం. వేరు తాగి ఆకుకి పంపుద్ది. నల్లి ఆకు రసం పీల్చి చస్తుంది. నువ్వు ఆకుని పదిసార్లు కడుగు, లోపలున్నది పోద్దా? కొనేవాడు పువ్వు చూసుకుంటాడమ్మా, ఆకు తినడు. ఆకు తినేవాళ్ల కోసం మేం వీటిని పెంచలేదు.”

మొక్క అమ్ముకునే మనిషి నోట ఈ మాట రావడం మామూలు విషయం కాదు. అమ్మకానికి పూలమొక్కలు పెంచే ఏ ఊళ్లో అయినా ఇదే పద్ధతి. కడియమైనా, బెంగళూరైనా, హాలండైనా చీడ పట్టిన మొక్కను ఎవరూ కొనరు. మొక్క లోపలికి పాకే మందుల ప్రభావం వారాలు, మొదట్లో పోసినప్పుడు నెలలు కూడా నిలుస్తుంది. పురుగులు తినే చిన్న బల్లికి ఇంకో దారిలో ముప్పు వస్తుంది. మేతగా వదిలిన కీచురాయి ముందు ఆ ఆకు కొరికితే, బల్లి ఆ కీచురాయిని తింటుంది. బల్లుల కోసం మొక్క కొనేవాళ్లలో ఎక్కువమంది విషమొక్కల జాబితా చూసుకుంటారు తప్ప, మంచి మొక్కలోకి ఎక్కిన మందు గురించి అడగరు. ఈ వాదంలో అన్నిటికంటే బరువైన మాట మావయ్యదేనని ఒప్పుకోవాలి.

అమ్మాయి కూడా కాదనలేదు. “అందుకే నర్సరీ మొక్కని నేరుగా పెట్టమనను. వేళ్లకున్న మట్టంతా కడిగి, మందు లేని మట్టిలోకి మార్చి, కొన్ని నెలలు బయట పెంచి, కొత్తగా వచ్చిన ఆకుతోటే లోపలికి పంపాలి. అసలు అంటుకొమ్మ నాటి మనమే పెంచితే ఈ గొడవే ఉండదు.”

“ఏ మొక్కలేంటి మరి? గన్నేరు పెడతావా?”

“గన్నేరు మాటెత్తకండి.” గన్నేరులో ఆకు, పువ్వు, కొమ్మ, వేరు అన్నిట్లోనూ గుండెను తాకే విషం ఉంటుంది. పచ్చగన్నేరూ అంతే. ఆ కొమ్మ ఎండిపోయాక కూడా ఎక్కడానికని బోనులో పెట్టకూడదు. “డిఫెన్‌బాకియా వద్దు, కలాడియం వద్దు. క్రోటన్ వద్దు.”

“గిల్లితే పాలు కారేవేవీ వద్దు. అది చాలదా గుర్తు?”

“చాలదు మావయ్యా. ఫైకస్ బెంజమినా గిల్లితే పాలు కారవూ? ప్రపంచమంతా ఊసరవెల్లి బోనుల్లో ఎన్నో ఏళ్లుగా దాన్నే పెడుతున్నారు. మనీప్లాంట్ గిల్లితే పాలు రావు. కానీ దాని ఆకులో సూదుల్లాంటి కాల్షియం ఆక్సలేట్ పలుకులుంటాయి, నమిలితే నోరు మండి వాచిపోద్ది. పురుగులు తినే గెకో బల్లి బోనులో మనీప్లాంట్ ఉంటే ఇబ్బంది లేదు, అది ఆకు ముట్టదు. ఇగువానా బోనులో పెడితే పొద్దున్నే కొరుకుద్ది. మొక్క మంచిదా చెడ్డదా అని అడిగితే జవాబు రాదు. లోపల ఉండేది ఏం తింటదో చూడాలి.”

“అదే కదా నేనంటున్నది!” మావయ్య చెయ్యి చరిచారు. “ఇది ఆకులు తినే జంతువు. దీని బోనులో మొక్క పెట్టడం మేకని తోటలో కట్టేసినట్టే. రెండ్రోజుల్లో మోడు మిగుల్తుంది. నీడేది? చల్లదనమేది?”

ఆయన మాట అక్షరాలా నిజం. ఫ్లోరిడాలో పెంచుకునేవాళ్లు వదిలేయగా పెరిగిపోయిన పచ్చ ఇగువానాలు ఇళ్ల ముందు మందారాలను మేసేస్తున్నాయి. ఆ రాష్ట్రం 2021లో వీటిని నిషేధిత జాతుల్లో చేర్చింది. అక్కడ అప్పుడప్పుడూ చలిగాలి వీచి, ఇగువానాలు కొయ్యబారి చెట్ల మీద నుంచి రాలిపడతాయి. 2018 జనవరిలో అలా రాలినప్పుడు ప్రపంచమంతా ఆ ఫొటోలు చూసింది. గోదావరి డెల్టాలో ఆపాటి చలి కూడా లేదు. కాలవలు, గట్ల మీద చెట్లు, ఏడాది పొడవునా పచ్చటి ఆకు. విసుగొచ్చి ఎవరైనా ఒక జంటను గుడి దగ్గరి సప్తగోదావరి గుండం పక్కనో పంటకాలవ గట్టునో వదిలేస్తే ఏమవుతుందో ఊహించుకుంటే భయమేస్తుంది. అరచేతిలో పట్టే పిల్లగా అమ్ముడయ్యే ఈ జంతువు అయిదడుగులు దాటుతుంది, బాగా చూసుకుంటే పదిహేనేళ్లకు పైగా బతుకుతుంది. కొనేముందు ఎవరైనా ఆ సంగతి చెప్పాలి.

“మోడు మిగలనివ్వండి,” అంది అమ్మాయి. “మందారం ఆకు, పువ్వు దీనికి విషం కాదు, మేతే. ఇంట్లో ఏం పెడుతున్నారో తెలుసా? రోజూ పాలకూర, తోటకూర. వాటిలో ఆక్సలేట్ ఎక్కువ, తిన్న కాల్షియాన్ని ఒంటికి పట్టనివ్వదు. మునగాకు పెట్టమంటే పెరట్లో చెట్టుండి కూడా పెట్టరు. మొక్క పెడితే తనే కోసుకు తింటుంది. మెడ చాచాలి, కొమ్మ ఎక్కాలి, ఆకు ఎంచుకోవాలి. పళ్లెంలో తరిగి పెట్టిన కూర ముందు కూర్చుంటే ఆ పనేదీ లేదు.”

ఇక్కడ మావయ్య కొంచెం మెత్తబడ్డారు. మెత్తబడి, తోటమాలి బుర్రతో ఒక ఉపాయం చెప్పారు. మొక్క వేళ్లు, మట్టి, కుండీ అన్నీ బోను బయటే ఉండాలి. జల్లెడ పక్కన మందారాన్ని గుబురుగా పెంచి, రెండు మూడు కొమ్మలను మాత్రం లోపలికి వంచాలి. లోపలికొచ్చిన ఆకును ఇగువానా తింటుంది, బయటి గుబురు నీడనిస్తుంది, దాక్కోవడానికి అడ్డుగానూ ఉంటుంది. ఎరువు పూసలు నోటికందవు. తిన్న కొమ్మను వెనక్కి లాగి కొత్తది వంచుకోవచ్చు. జల్లెడ కన్ను వెడల్పు చేయాలి, అయితే దాని తల దూరకూడదు. ఇంత చెప్పి కూడా, లోపల కుండీ పెట్టడానికి మాత్రం ఆయన ససేమిరా అన్నారు.

విదేశాల్లో ఇప్పుడు బయోయాక్టివ్ అనే పద్ధతి బాగా ప్రచారంలో ఉంది. గాజుపెట్టె అడుగున నీరు దిగే రాళ్ల పొర, దాని మీద మట్టి, మట్టిలో మొక్కలు, రెట్టను, రాలిన ఆకును తిని మట్టి చేసే ఐసోపాడ్లు, స్ప్రింగ్‌టెయిల్స్ అనే సన్న జీవులు. చిన్న గెకోకి అది బాగా కుదురుతుంది. ఇగువానా రెట్టకు ఆ సన్న జీవుల శక్తి చాలదు, వారానికే మట్టి కంపు కొడుతుంది. అందువల్ల అమ్మాయి ఆ పద్ధతిని ఇక్కడ ప్రతిపాదించలేదు. కానీ తమ్ముడు ఈసారి లెపర్డ్ గెకో కొంటానన్నాడు. దాంతో వాదం మళ్లీ మొదటికొచ్చింది, ఈసారి ఇంకా పదునుగా.

లెపర్డ్ గెకో అఫ్గానిస్తాన్, పాకిస్తాన్ వైపు రాతినేలల జీవి. దాని కంటే పొడిదనం కోరేది ఆస్ట్రేలియా లోపలి భాగాలకు చెందిన బేర్డెడ్ డ్రాగన్ అనే బల్లి. దానికి గాలిలో తేమ 30, 40 శాతం చాలు.

“మన ఊళ్లో వానాకాలం తేమ ఎంతుంటుందమ్మా?” అన్నారు మావయ్య. “ఎనభై దాటుద్ది. 1852లో ధవళేశ్వరం ఆనకట్ట కట్టినప్పట్నుంచీ చుట్టూ నీళ్లే. బీరువాలో చెప్పులకి బూజు పడుద్ది. అలాంటి చోట గాజుపెట్టెలో తడిమట్టి పోసి, మొక్క పెట్టి, మూతేస్తావా? అది ఎడారి జీవికి ఇల్లవుద్దా, జబ్బవుద్దా?”

ఆయన అడిగిన ప్రశ్నకు చరిత్రలోనే ఒక ఆధారం దొరుకుతుంది. మూసిన గాజుపెట్టెలో మొక్క బతుకుతుందని 1829లో లండన్ వైద్యుడు నథానియల్ వార్డ్ గమనించాడు, 1842లో పుస్తకం రాశాడు. బొగ్గుపొగతో నిండిన ఊళ్లో ఫెర్న్ మొక్కలు చచ్చిపోతుంటే ఆయన కనిపెట్టిన ఉపాయమది. బల్లుల గాజుపెట్టెల్లో మొక్కలు పెట్టే సలహాల్లోనూ ఎక్కువ భాగం చలికాలం హీటర్లు తిరిగే పొడి గదుల నుంచి వచ్చినవే. అక్కడ మొక్క, తేమ తక్కువైన గాలికి తేమ ఇస్తుంది. కోనసీమలో తేమను తగ్గించుకోవడమే పెద్ద పని. బేర్డెడ్ డ్రాగన్లకు నానిజియాప్సిస్ అనే బూజు పట్టి పొలుసులు పసుపుబారి, ఊడి, చివరికి ప్రాణం మీదికి వచ్చే జబ్బు ఉంది. ఆ జీవిని తడిలో ఉంచమని తెలిసినవాళ్లెవరూ చెప్పరు.

“డ్రాగన్ విషయం ఒప్పుకుంటాను, ఈ ఊళ్లో అది వద్దే వద్దు,” అంది అమ్మాయి. “గెకో వేరు. ఎండిన నేల జీవే అయినా పగలంతా రాతి సందుల్లో, కాస్త చెమ్మ ఉండే చోట పడుకుంటుంది. ఒంటి పొర విడవాలంటే ఆ చెమ్మ కావాలి. పొర సరిగ్గా ఊడక వేళ్లకు చుట్టుకుంటే రక్తం ఆడక వేలే పోతుంది. పెట్టె మూత జల్లెడది పెడదాం. నీళ్లు అరుదుగా అడిగే సాన్సివేరియా ఒకటి, మట్టి కుండీతో సహా పెడదాం. గెకో ఎప్పుడూ ఒకే మూల రెట్ట వేస్తుంది. ఆ మూలకి దూరంగా కుండీ పెడితే మట్టి కూడా పాడవదు.”

“అడుగున ఏం పోస్తావు? మన కొబ్బరి పొట్టేనా?”

ఆ ప్రశ్న వెనక ఈ నేల సంగతి ఉంది. విదేశాల్లో బల్లుల పెట్టెల్లో పరిచే కోకోపీట్ ఇటుకలు కొబ్బరి పీచు తీయగా మిగిలిన పొట్టే. కోనసీమలో అది పీచు మిల్లుల పక్కన గుట్టలుగా పడి ఉంటుంది. ఊరికే వస్తుంది కదా అని నేరుగా తెచ్చి పోయకూడదు. తీరప్రాంతపు కొబ్బరి పొట్టులో ఉప్పు ఎక్కువ, మంచినీళ్లలో నానబెట్టి రెండు మూడుసార్లు కడిగి పిండాలి. కడగని పొట్టులో మొక్క ఆకు అంచులు మాడతాయి. తడి ఆరని పొట్టులో బల్లి కాళ్లు నానుతాయి. ఎండిపోయిన పొట్టు దుమ్ము లేచి కంట్లో పడుతుంది. మావయ్యకు ఇదంతా కరతలామలకం, రోజూ చేసే పని. కడిగిన పొట్టు కుండీ వరకే పరిమితమని, పెట్టె అడుగున చదును రాతి పలకలు పరచాలని ఆయన పట్టుబట్టారు. గెకో పురుగును పట్టేటప్పుడు నోట్లోకి పొట్టు పోతే పేగుకు అడ్డం పడొచ్చు. ఈ విషయంలో అమ్మాయి ఆయన మాటే నిలబెట్టింది.

ఇద్దరూ ఏకమైన సంగతి మరొకటి ఉంది. అది వెలుతురు గురించి. బోనులో పెట్టకముందు తమ్ముడు ఇగువానాను కొన్నాళ్లు తన గదిలో, గాజు కిటికీ పక్కన ఉంచాడు. ఎండ తగులుతోంది కదా అని అతని ధీమా. కిటికీ గాజు గుండా ఎండ వస్తుంది గానీ, చర్మంలో డి3 విటమిన్ తయారుచేసే యూవీబీ కిరణాలు దాదాపు రావు. డి3 లేకపోతే తిన్న కాల్షియం ఒంటబట్టదు. దవడ మెత్తబడుతుంది, వెన్ను వంకరపోతుంది, కాళ్లు వాస్తాయి. అమ్మాయి జంతువును చేతిలోకి తీసుకుని కింది దవడను రెండు వేళ్లతో మెల్లగా నొక్కి చూసింది. గట్టిగానే ఉంది. “డబ్బులు రెండింటికీ చాలకపోతే ముందు యూవీబీ దీపం కొను, మొక్క తర్వాత,” అని తమ్ముడికి చెప్పింది. “పొద్దున్న ఎండలో జల్లెడ బోను బయట పెడితే దీపం కన్నా మేలు. పక్కన నీడ మాత్రం ఉండాలి, ఒక్కదాన్ని ఎండలో వదిలి వెళ్లకూడదు.” మొక్క విషయానికొస్తే, 2016లో లెపర్డ్ గెకోల మీద చేసిన ఒక అధ్యయనంలో అయిదు రకాల మార్పులు ఇచ్చి చూశారు. వేడిలో తేడాలు, తిండి వెతుక్కునే పని వాటిని ఎక్కువగా ఆకట్టుకున్నాయి. అమ్మాయి మొక్క కోరింది కూడా ఆ రెండింటి కోసమే. కంటికి ఇంపుగా ఉంటుందన్న మాట ఆమె ఒక్కసారి కూడా అనలేదు.

మధ్యలో అమ్మమ్మ కలగజేసుకుంది. మనవరాళ్లు వసారాలో ఆడుకుంటారు, ఆ మట్టి ముట్టుకుని చేతులు నోట్లో పెట్టుకుంటే ఎలా అంది. పెద్దావిడ భయం ఉత్తది కాదు. సరీసృపాల పేగుల్లో సాల్మొనెల్లా ఉండటం మామూలే, వాటికి జబ్బు కనిపించదు. అమెరికాలో నాలుగంగుళాల కంటే చిన్న పెంపుడు తాబేళ్ల అమ్మకాన్ని 1975లో ఆపింది పిల్లలకు ఈ సూక్ష్మజీవి సోకుతోందనే. తడిమట్టిలో అది ఎక్కువ కాలం బతుకుతుంది. కుండీ బయట పెట్టడానికి మావయ్యకు ఇంకో కారణం దొరికింది. బోను పళ్లేలు వంటింటి తొట్టిలో కడగకూడదని, జంతువును ముట్టుకున్న ప్రతిసారీ సబ్బుతో చేతులు కడగాలని అమ్మాయి ఇంట్లో అందరికీ గట్టిగా చెప్పింది.

చింపిన సంచిలోని మందారాన్ని మావయ్య కారులో వెనక్కి తీసుకెళ్లారు. మందు కొట్టని పాత ముద్దమందారం ఒకటి ఈ ఇంటి పెరట్లోనే ఉంది. దాని కొమ్మలు కత్తిరించి, కడిగిన పొట్టు, చివికిన పశువుల ఎరువు కలిపి నాలుగు కుండీల్లో నాటారు. అవి ఎదిగే దాకా రోజూ మునగ రెమ్మలు, మందారం రెమ్మలు కోసి జల్లెడకు వేలాడదీయడం తమ్ముడి పని. అతను చదువుకు వెళ్లాక ఎవరు చేస్తారన్నది తేలలేదు.

గెకో సంగతి మాత్రం ఎటూ తేలలేదు. మావయ్య ఒక షరతు పెట్టారు. జంతువును కొనేముందు ఖాళీ పెట్టెలో మొక్క పెట్టి, తేమ కొలిచే మీటరు పెట్టి, ఆషాఢం, శ్రావణం రెండు నెలలూ రోజూ రాయమన్నారు. అంకె అరవై దాటి వారం నిలిస్తే మొక్క తీసేయాలి. అప్పటికీ దిగకపోతే గెకో ఊసే ఎత్తకూడదు. అమ్మాయి సరేనంది. అయితే మీటరు పెట్టె మధ్యలో పెట్టమని ఆయన, గెకో పడుకునే రాతి సందులో ఒకటి, వెచ్చటి మూల పైన ఒకటి రెండు కావాలని ఆమె. సందులో చెమ్మ ఎక్కువ చూపిస్తే అది మొక్క తప్పు కాదని ఆమె వాదన. సందులో మీటరు పెట్టేటట్టయితే, జంతువు ఎక్కువసేపు ఉండేది అక్కడే కాబట్టి లెక్కకు వచ్చేదీ ఆ అంకేనని ఆయన వాదన. తమ్ముడు రెండు మీటర్లు ఆర్డర్ పెట్టాడు.